పాలిమార్ఫ్స్ 72, లింఫోసైట్స్ 18: పేగు క్యాన్సర్‌లో రక్తం చెప్పేదెంత?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) అనే మాట తెలియని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు వెళ్తే బడి మొహం చూడని ముసలమ్మ కూడా జీడిపిక్కల ధర చెప్పినంత సులువుగా "మా ఆయనకి మూడున్నర" అని చెబుతుంది. కిడ్నీ జబ్బు ఆ ఒక్క అంకెను ఇంటింటి మాట చేసేసింది. అక్కడి నుంచే మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. ఈసారి అడిగింది క్రియాటినిన్ గురించి కాదు.

"బావా, నాన్నకి ఎన్ఎల్ఆర్ నాలుగు వచ్చింది. మూడు దాటితే ఎక్కువ కాలం ఉండరని ఫోన్‌లో రాసుంది. ఇంక ఆపరేషన్ చేయించి ఏం లాభం?"

మావయ్యకు పెద్దపేగులో క్యాన్సర్ అని బయాప్సీలో తేలి అప్పటికి వారం. బావమరిది గొంతు వింటేనే రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది. నేను డాక్టర్ని కాను. శ్రీకాకుళంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పదిహేనేళ్లు పనిచేశాను. అలాంటి అంకెలు వేల కాగితాల మీద ప్రింట్ చేసి ఇచ్చినవాడిని. అతనికి సర్దిచెప్పడానికి గంట పట్టింది. ఆ గంటలో చెప్పినదీ, తర్వాత కూర్చుని చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఇదే టెన్షన్ ఇంకెన్ని ఇళ్లలో ఉందో నాకు తెలుసు.

ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మనం సీబీపీ అని పిలిచే పరీక్షలో తెల్లకణాల మొత్తం లెక్క ఉంటుంది, దాని కింద ఏ రకం ఎంత శాతమో ఉంటుంది. మన రిపోర్టుల్లో పాలిమార్ఫ్స్ అని రాసేవే న్యూట్రోఫిల్స్. మావయ్య రిపోర్టులో టోటల్ కౌంట్ 9,000, పాలిమార్ఫ్స్ 72, లింఫోసైట్స్ 18, ఇసినోఫిల్స్ 6, మోనోసైట్స్ 4. డెబ్భై రెండును పద్దెనిమిదితో భాగిస్తే నాలుగు. అదే ఎన్ఎల్ఆర్, అంటే న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్స్‌కూ మధ్య నిష్పత్తి. దీనికి వేరే పరీక్ష లేదు, వేరే ఫీజు లేదు. విడిగా డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

ఇదే కాగితం నుంచి ఇంకా కొన్ని లెక్కలు కడతారు. ప్లేట్‌లెట్లను లింఫోసైట్ల సంఖ్యతో భాగిస్తే పీఎల్ఆర్. మావయ్యకు ప్లేట్‌లెట్లు 4 లక్షల 20 వేలు, లింఫోసైట్లు 9,000లో 18 శాతం, అంటే 1,620. భాగిస్తే సుమారు 259. ప్లేట్‌లెట్లను ఎన్ఎల్ఆర్‌తో గుణిస్తే వచ్చేది ఎస్ఐఐ. పేర్లు ఎన్ని ఉన్నా అడిగే ప్రశ్న ఒకటే: ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) రేపే కణాలు ఎక్కువగా ఉన్నాయా, క్యాన్సర్ మీద పోరాడే కణాలు ఎక్కువగా ఉన్నాయా?

క్యాన్సర్‌కూ ఇన్‌ఫ్లమేషన్‌కూ సంబంధం ఏమిటని బావమరిది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి, పుండు మానాక వెనక్కి తగ్గుతాయి. 1863లోనే జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో క్యాన్సర్ గడ్డల లోపల తెల్లకణాలు ఉండటం గమనించి, ఇన్‌ఫ్లమేషన్‌కూ క్యాన్సర్‌కూ ముడి ఉందన్నాడు. 1986లో అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరాక్ క్యాన్సర్ గడ్డను మానని పుండుతో పోల్చాడు. నాకు తెలిసినంతలో ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే పోలిక లేదు. ఒళ్లు దాన్ని పుండే అనుకుని మాన్పడానికి సరుకు పంపుతూనే ఉంటుంది. కొత్త రక్తనాళాలు వేస్తుంది, కణాలు పెరగడానికి సంకేతాలు ఇస్తుంది. గడ్డ ఆ సరుకంతా తన పెరుగుదలకు వాడుకుంటుంది.

పేగులో ఇది మరీ ఎక్కువ. పేగు లోపల కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. దానికీ మన రక్తానికీ మధ్య ఉన్నది ఒక పలచని పొర. గడ్డ ఆ పొరను చీల్చుకుని పెరిగినప్పుడు బ్యాక్టీరియా లోపలికి చొరబడుతుంది, ఇన్‌ఫ్లమేషన్ ఇంకా రాజుకుంటుంది. సాధారణంగా నోట్లో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి పెద్దపేగు గడ్డల్లో ఎక్కువగా కనిపిస్తోందని 2012లో వచ్చిన పరిశోధనలు చూపించాయి.

ఇప్పుడు రక్తంలోకి వద్దాం. గడ్డ దగ్గర పుట్టే సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-6 అనేది ముఖ్యమైనది. అది రక్తంలో ప్రయాణించి కాలేయాన్ని చేరగానే అక్కడి పని తీరు మారిపోతుంది. కాలేయం ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తైన సీఆర్పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, రక్తంలోని ముఖ్యమైన ప్రొటీన్ ఆల్బుమిన్‌ను తగ్గిస్తుంది. ప్లేట్‌లెట్ల తయారీని పెంచే హార్మోన్‌ను వదులుతుంది. ఇనుమును నిల్వల్లోనే బంధించే హెప్సిడిన్‌నూ వదులుతుంది, దాంతో రక్తహీనత వస్తుంది. మరోవైపు ఎముక మజ్జ నుంచి న్యూట్రోఫిల్స్ గుంపులుగా బయటికొస్తాయి. అవి మామూలుగా మన కాపలాదారులే. క్యాన్సర్ దగ్గర మాత్రం చాలాసార్లు గడ్డకు రక్తనాళాలు పెరగడానికి సాయపడతాయి. తమ డీఎన్ఏ పోగులను వలలా విసిరి బ్యాక్టీరియాను పట్టడం వాటికి అలవాటు. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు అదే వలలో చిక్కుకుని కొత్తచోట దిగడానికి వీలు కలుగుతుంది. ప్లేట్‌లెట్లు క్యాన్సర్ కణాల చుట్టూ అంటుకుని, వాటిని చంపే కణాలకు కనబడకుండా కప్పేస్తాయి. నిజంగా గడ్డ మీద దాడి చేసేవి లింఫోసైట్లు. ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరిగితే రక్తంలో తగ్గిపోయేవి అవే. పైనున్న అంకె పెరిగి కింది అంకె తగ్గితే భాగహారం ఫలితం పెద్దదవుతుంది. నాలుగు అనే అంకె వెనక ఉన్న కథ ఇది.

ఎన్ఎల్ఆర్ మొదట క్యాన్సర్ కోసం పుట్టిన లెక్క కాదు. 2001లో స్లొవేకియా వైద్యుడు జహోరెట్స్ ఐసీయూ రోగుల్లో ఒంటి మీద ఎంత ఒత్తిడి ఉందో తేలిగ్గా కొలవడానికి దీన్ని సూచించాడు. 2005లో పేగు క్యాన్సర్ రోగుల మీద వచ్చిన ఒక అధ్యయనం, ఆపరేషన్‌కు ముందు ఇది అయిదు దాటినవారి భవిష్యత్తు అంత బాగా లేదని చెప్పింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో చూశారు. స్థూలంగా ఫలితం ఒకే దిశలో ఉంది: ఇది ఎక్కువగా ఉన్న గుంపు సగటున తక్కువ కాలం బతికింది, స్టేజి ఒకటే అయినా సరే. కాబట్టి బావమరిది ఫోన్‌లో చదివింది అబద్ధమేమీ కాదు.

చిక్కంతా "మూడు దాటితే" అన్న మాట దగ్గర ఉంది. ఒక అధ్యయనం గీత రెండున్నర దగ్గర గీస్తే ఇంకొకటి మూడు దగ్గర, మరొకటి అయిదు దగ్గర గీసింది. చాలావాటిలో ఆ గీతను ముందే అనుకుని గీయలేదు. రోగుల వివరాలన్నీ చేతికొచ్చాక, రెండు గుంపుల మధ్య తేడా ఎక్కడ బాగా కనబడుతుందో అక్కడ గీశారు. అలా గీసిన గీత ఆ ఊరి రోగులకు సరిపోయినట్టు కంచిలి మావయ్యకు సరిపోవాలని లేదు. రక్తపోటుకూ షుగరుకూ ఉన్నట్టు ప్రపంచమంతా ఒప్పుకున్న గీత దీనికి లేదు. కీమో ఇవ్వాలా వద్దా అని తేల్చే ప్రామాణిక వైద్య మార్గదర్శకాలు ఎన్ఎల్ఆర్ చూసి నిర్ణయించమని చెప్పవు. గడ్డ పేగు గోడలో ఎంత లోతుకు వెళ్లింది, ఎన్ని లింఫ్ గ్రంథుల్లో ఉంది, కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకిందా, పేగు మూసుకుపోవడంగానీ చిల్లు పడటంగానీ జరిగిందా అనేవే చూడమంటాయి. అమెరికా లెక్కల్లో, పేగు దాటకముందే దొరికినవారిలో 100కి సుమారు 90 మంది అయిదేళ్లు దాటుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే సుమారు 15 మందే. అంత పెద్ద తేడాను ఏ ఎన్ఎల్ఆర్ కూడా చూపించలేదు. మావయ్యకు స్కాన్‌లో కాలేయం శుభ్రంగా ఉంది. ఆ సంగతి ముందు చెప్పకుండా నాలుగు అనే అంకె ముందు చెప్పాడు మావాడు. ఫోన్ చేసే పని ఇదే, చిన్న అంకెను మొహం మీదికి తెచ్చి పెడుతుంది.

మన తీరం వాళ్లకు ఒక పోలిక చెబుతాను. తుపాను వస్తే కళింగపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో, టీవీలో వింటాం. ఆ నంబరు సముద్రం పరిస్థితి చెబుతుంది. దాన్ని బట్టి పడవలు ఒడ్డుకు లాగుతాం, పశువులను విప్పుతాం. అంతేగానీ ఎవరి కప్పు లేచిపోతుందో ఆ నంబరు చెప్పదు. 2018 అక్టోబరులో తిత్లీ వెళ్లిపోయాక ఒకే వీధిలో ఒకరి ఇల్లు నిలబడింది, పక్కింటి రేకులు దొరకలేదు. ఎన్ఎల్ఆర్ కూడా అలాంటి హెచ్చరికే. వందమంది గుంపు గురించి చెప్పగలదు, ఆ వందలో మావయ్య ఎవరో చెప్పలేదు.

పైగా ఈ అంకెను పెంచేది క్యాన్సర్ ఒక్కటే కాదు. ఈ విషయం మన జిల్లాల వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి.

మావయ్యకు ఎడమకాలికి బోదకాలు ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా వాచిపోతుంది. అడిగితే తెలిసింది, రక్తం తీయడానికి వారం ముందే ఆ జ్వరం వచ్చి తగ్గిందట. అలాంటి జ్వరంలో పాలిమార్ఫ్స్ పెరుగుతాయి, సీఆర్పీ పెరుగుతుంది. మావయ్య చుట్ట కూడా తాగుతాడు. మన వైపు ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే) అలవాటు ఇప్పటికీ ఉంది. పొగ ఏ రూపంలో పీల్చినా తెల్లకణాలు కొంత ఎక్కువే ఉంటాయి. పేగు క్యాన్సర్‌లో చూసే సీఈఏ అనే మార్కర్ కూడా పొగ తాగేవారిలో కాస్త ఎక్కువగా చూపిస్తుంది. ఇనుము లోపం వల్ల రక్తం తక్కువైనవారిలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి కాబట్టి పీఎల్ఆర్ కూడా ఎక్కువ వస్తుంది. కిడ్నీ జబ్బులో ఆల్బుమిన్ మూత్రంలో పోవచ్చు, ఎన్ఎల్ఆర్ ఎక్కువగా ఉండొచ్చు. ఏజెన్సీలో మలేరియా వచ్చినవారికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు పీఎల్ఆర్ ఉన్నదానికంటే మంచిగా కనిపిస్తుంది.

వైద్యం మొదలయ్యాక ఇంకా తికమక. కీమో రోజు వాంతులు కాకుండా ఇచ్చే డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. అది పాలిమార్ఫ్స్‌ను పెంచి లింఫోసైట్లను తగ్గిస్తుంది. మర్నాడు రక్తం తీస్తే ఎన్ఎల్ఆర్ ఎక్కడికో పోతుంది. కీమోలో కౌంట్ పడిపోతే చేసే ఇంజెక్షన్ పాలిమార్ఫ్స్‌ను ఒక్కసారిగా లేపుతుంది. పొత్తికడుపుకు రేడియేషన్ ఇస్తే లింఫోసైట్లు తగ్గుతాయి. ఈ రోజుల్లో తీసిన రిపోర్టు పట్టుకుని భవిష్యత్తు లెక్కించకూడదు. ల్యాబ్‌లో ఉన్నప్పుడు నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఇదే: కాగితం మీద తేదీ, టైమ్ ఉంటాయిగానీ ఆ రోజు మనిషికి ఏం జరిగిందో ఉండదు.

ఆపరేషన్‌కు ముందు పరీక్షలన్నీ అయ్యేసరికి మూడు వారాలు పట్టింది. మళ్లీ రక్తం తీస్తే పాలిమార్ఫ్స్ 66, లింఫోసైట్స్ 24. ఎన్ఎల్ఆర్ 2.75. కడుపులో గడ్డ మాత్రం అదే.

ఎన్ఎల్ఆర్ కంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది సీఆర్పీ, ఆల్బుమిన్ జంటకు. సీఆర్పీని 1930లో న్యూయార్క్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. దాని సగం ఆయుష్షు (రక్తంలో ఉన్నది సగానికి తగ్గే కాలం) దాదాపు 19 గంటలు. కారణం తగ్గితే అదీ రోజుల్లోనే దిగిపోతుంది. ఆల్బుమిన్ సగం ఆయుష్షు ఇంచుమించు 20 రోజులు. ఒకటి నిన్నా ఇవాళ్టి కబురు, రెండోది నెలరోజుల పద్దు. గ్లాస్గోలో మెక్‌మిలన్ బృందం ఈ రెండిటినీ కలిపి ఒక స్కోరు కట్టింది. తర్వాత దాన్ని సవరించారు. సీఆర్పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే సున్నా. దాటితే ఒకటి. దాటి, ఆల్బుమిన్ కూడా డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తగ్గితే రెండు. పేగు క్యాన్సర్‌లో దీన్ని విస్తృతంగా పరిశీలించారు. స్కోరు పెరిగేకొద్దీ ఫలితాలు తగ్గుతున్నాయి. గీతలు ముందే స్థిరంగా ఉండటం దీనిలోని మేలు. ఒక జాగ్రత్త: కొన్ని ల్యాబ్‌లు సీఆర్పీని లీటరు లెక్కన, కొన్ని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. పదో, ఒకటో చూసుకోకపోతే భయమైనా, ధైర్యమైనా అబద్ధమే.

మావయ్యకు మొదట సీఆర్పీ 24, ఆల్బుమిన్ 3.2. స్కోరు రెండు. జ్వరం సద్దుమణిగాక సీఆర్పీ 11కు వచ్చింది. క్రియాటినిన్ 1.6 ఉండటం వల్ల ఆల్బుమిన్‌లో కిడ్నీ వాటా ఎంతో, క్యాన్సర్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించమని డాక్టర్ అన్నది అందుకే.

ఇక్కడ చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటాయి. ఆల్బుమిన్ తక్కువ ఉందనగానే ఆల్బుమిన్ బాటిల్ ఎక్కించమని వాళ్లే అడుగుతారు. ఎక్కిస్తే నాలుగు రోజులు అంకె పెరుగుతుంది. కాలేయం పని తీరును మార్చిన కారణం అలాగే ఉంటుంది కాబట్టి అంకె మళ్లీ దిగుతుంది. తిండి విషయంలోనూ అంతే. రోజూ మూడు గుడ్ల తెల్లసొన తినిపించినా ఇన్‌ఫ్లమేషన్ తగ్గకుండా ఆల్బుమిన్ అంత త్వరగా లేవదు. అలాగని తిండి వద్దని కాదు. ఆపరేషన్‌కు వెళ్లే మనిషికి బరువు తగ్గకుండా చూడటం చాలా అవసరం. చోడి (రాగి) అంబలి కడుపు నింపుతుందిగానీ అదొక్కటే చాలదు, గుడ్డు, చేప, పప్పు కావాలి. ఉద్దానంలో చిక్కేమిటంటే, కిడ్నీ డాక్టర్ పప్పు, మాంసం తగ్గించమని అప్పటికే చెప్పి ఉంటాడు. అప్పుడు ఇద్దరు డాక్టర్ల మాటా కలిపి ఒక నిర్ణయం చేయించుకోవాలి. ఇంట్లో వాళ్లు ఊహించి పెట్టకూడదు. కిడ్నీ సంగతి క్యాన్సర్ డాక్టర్‌కు మొదటి రోజే చెప్పాలి. కీమోలో వాడే కాపెసిటబైన్ మాత్రల మోతాదు కిడ్నీ పని చూసే నిర్ణయిస్తారు. కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే అసలు ఇవ్వరు.

సీఆర్పీ అన్నిటికంటే పనికొచ్చేది ఆపరేషన్ అయిన వారంలో. కోసి కలిపిన పేగు అతుకు దగ్గర లీకైతే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజుల వరకూ సీఆర్పీ పెరగడం సహజం. ఆ తర్వాత దిగాలి. మూడు, నాలుగో రోజుకు దిగకుండా 150 దాటి నిలబడితే సర్జన్లు లీకు కోసమో, చీము కోసమో వెతుకుతారు. బాగా దిగిపోతుంటే ధైర్యంగా తిండి పెట్టి ఇంటికి పంపుతారు. విశాఖలో వార్డు బయట కూర్చున్న మా బావమరిది రోజూ నాకు అదే అంకె పంపేవాడు: మర్నాడు 96, రెండో రోజు 142, మూడో రోజు 118, నాలుగో రోజు 71. ఆ నాలుగో రోజు అంకె చూసి నేను నిజంగా కళ్లు తుడుచుకున్నాను. ఒక మనిషి గురించి, ఒక రోజు గురించి, వెంటనే చేయాల్సిన పని గురించి చెప్పే అంకె అది.

ఇన్‌ఫ్లమేషనే కారణమైతే దాన్ని తగ్గించే మాత్ర వేసుకోవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. మెడికల్ షాపుకు వెళ్లి నొప్పి మాత్రలు తెచ్చుకోకండి. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి చేసే హాని ఉద్దానం వాళ్లకు నేను చెప్పాలా? ఆస్పిరిన్ గురించి మాత్రం గట్టి ఫలితం ఒకటి వచ్చింది. స్వీడన్, దాని చుట్టుపక్కల దేశాల్లో చేసి 2025లో ప్రచురించిన పరిశోధనలో, గడ్డలో పీఐకే3సీఏ అనే జన్యువు దారిలో మార్పు ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత మూడేళ్లు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. అది ఎవరికి పనికొస్తుందో చెప్పేది గడ్డ ముక్క మీద చేసే జన్యుపరీక్ష, సీఆర్పీ కాదు. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో ముగిశాక మూడేళ్లు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారు ఎక్కువ కాలం క్యాన్సర్ లేకుండా ఉన్నారు. మావయ్య ఇప్పుడు తోటలోకి పొద్దున్నే రెండుసార్లు నడుస్తున్నాడు. చుట్ట మాత్రం ఇంకా పూర్తిగా మానలేదు, అత్తయ్య రోజూ పోట్లాడుతోంది.

ఆపరేషన్ అయ్యాక ఒకరోజు వాళ్లింటికి వెళ్తే బావమరిది పాత రిపోర్టులన్నీ ఉన్న ప్లాస్టిక్ కవర్ నా ముందు పెట్టి వరసలో సర్దమన్నాడు. అట్టడుగున ఏడాదిన్నర కిందటి సీబీపీ ఒకటి ఉంది. నీరసంగా ఉందని వెళ్తే ఎక్కడో చేశారు. హిమోగ్లోబిన్ 9.1. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 68. ఇనుము తక్కువైనప్పుడు ఎర్రకణాలు అలా చిన్నవైపోతాయి. కిడ్నీ జబ్బు వల్ల రక్తం తగ్గితే కణాల సైజు సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఆ రోజు క్రియాటినిన్ 1.1. అయినా ఊరంతా కిడ్నీయే అనుకుంది, ఇంట్లో వాళ్లూ అదే అనుకున్నారు. విరేచనంలో రక్తం పడుతోందని మావయ్య అన్నప్పుడు మొలలని ఆకుమందు వేయించారు. ఐరన్ మాత్రలు ఆర్నెల్లు మింగాడు. అరవై ఏళ్ల మగవాడి ఒంట్లోంచి ఇనుము ఎటు పోతోందని ఎవరూ అడగలేదు. ఆ కాగితం ప్రింట్ చేసింది మా ల్యాబ్ కాదు. అయినా అలాంటివి నేను ఎన్ని ఇచ్చి పంపేశానో ఆ రోజంతా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. బావమరిదికి ఇంకా చెల్లెలు, ఇద్దరు బాబాయిలు ఉన్నారు. పెద్ద బాబాయికి 58. మూడు నెలలుగా ఆయనా ఐరన్ మాత్రలు వాడుతున్నాడని అప్పుడే తెలిసింది. వచ్చే మంగళవారం ఆయనకు కొలొనోస్కోపీ.